తెరచాప పడవ ప్రొపెల్లర్ షాఫ్టు వంగింది: సరిచేయించాలా, మార్చాలా?

కృష్ణలంక పడవవాడు (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 26 అడుగుల ఫైబర్ తెరచాప పడవ ఉంది. గోవాలో పాతది కొని లారీ మీద తెచ్చుకున్నాను. ప్రకాశం బ్యారేజీ ఎగువన, తాడేపల్లి వైపు ఒడ్డున కట్టి ఉంచుతాను. గాలి ఉన్నంతసేపు తెరచాపతోనే నడుస్తుంది గాని, గాలి పడిపోయినప్పుడూ ఒడ్డుకు చేర్చేటప్పుడూ లోపలున్న 13 హార్స్‌పవర్ రెండు సిలిండర్ల డీజిల్ ఇంజనే దిక్కు.

ఈమధ్య భవానీ ద్వీపం దాటి పైకి వెళుతుండగా నీటిలో మునిగి ఉన్న వెదురు గెడ, దానికి చుట్టుకుని ఉన్న నైలాన్ వల ప్రొపెల్లర్‌లో పడి, ఇంజను ఒక్కసారిగా ఆగిపోయింది. వల కోసి తీసిన తరువాత ఇంజను స్టార్టయింది, గేరు కూడా పడింది. అయితే 1,200 ఆర్‌పీఎం దాటగానే పడవ అడుగంతా వణుకుతోంది, షాఫ్టు పడవలోకి వచ్చేచోట నీటిని ఆపే గ్లాండ్ దగ్గర అంతకు ముందు చుక్కలుగా పడే నీరు ఇప్పుడు ధారగా కారుతోంది. షాఫ్టు స్టెయిన్‌లెస్ స్టీలుది, ఒకటిన్నర మీటరు పొడవు, అంగుళం మందం. ఒక మెకానిక్ ప్రెస్సులో పెట్టి తీస్తే చాలంటున్నారు, మరొకరు పారేసి కొత్తది వేయమంటున్నారు. వరదలు మొదలయ్యేలోగా పని పూర్తి కావాలి. వచ్చే శీతాకాలంలో పడవను లారీ మీద మచిలీపట్నం చేర్చి సముద్రంలో నడపాలన్న ఆలోచన కూడా ఉంది కనుక దాన్ని కూడా దృష్టిలో ఉంచుకుని సలహా చెప్పగలరు.

కొలతల మాస్టారు (గుంటూరు)

షాఫ్టు వంగిందని ఇప్పుడే తీర్మానించకండి. మీరు చెప్పిన లక్షణాలు నాలుగు వేర్వేరు కారణాల వల్ల రావచ్చు: షాఫ్టు వంగడం, ప్రొపెల్లర్ రెక్క వంగడం, ఇంజను కింది రబ్బరు మౌంటు తెగడం, గేరుబాక్సు బయటి షాఫ్టు దెబ్బతినడం. మొదటి రెండూ బయట దొరుకుతాయి, తరువాతి రెండూ పడవ లోపలే ఉంటాయి. పడవను నీటిలోంచి తీయకుండానే వీటిలో సగం తేల్చుకోవచ్చు.

ముందు ఇంజను తాళంచెవి తీసి, బ్యాటరీ స్విచ్ ఆపి, షాఫ్టునూ గేరుబాక్సునూ కలిపే కప్లింగ్ బోల్టులు విప్పండి. రెండు కప్లింగ్ ముఖాలనూ దగ్గరకు తెచ్చి, వాటి మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులతో) పైన, కింద, కుడి, ఎడమ కొలిచి రాసుకోండి. తరువాత గేరుబాక్సు వైపు కదలకుండా, షాఫ్టు వైపు కప్లింగ్‌ను మాత్రమే పావు చుట్టు తిప్పి మళ్ళీ కొలవండి. ఎక్కువ సందు ఉన్నచోటు షాఫ్టుతో పాటు తిరుగుతూ వస్తే దోషం షాఫ్టులోనో, దాని కప్లింగ్‌లోనో ఉన్నట్టు. షాఫ్టు ఎంత తిప్పినా ఎక్కువ సందు ఉన్నచోటే నిలిచి ఉంటే షాఫ్టు నేరం కాదు, ఇంజను తన స్థానం నుంచి జరిగింది. ఈ ఒక్క పరీక్షకు ఫీలర్ గేజ్ తప్ప మరేమీ అక్కరలేదు. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా క్రేనుకు ఫోను చేస్తారు.

ఆ పైన గేరుబాక్సు కప్లింగ్ అంచుకు డయల్ గేజ్ ఆనించి చేతితో తిప్పి చూడండి. అక్కడ ముల్లు ఊగితే కథ వేరు, ఖర్చు కూడా వేరు.

ఆటోనగర్ లేత్ (విజయవాడ)

మాస్టారి మాటతో ఏకీభవిస్తూనే ఒక్క విషయం చెబుతాను. వంగినదని తేలితే వెంటనే పారేయవలసిన అవసరం లేదు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్సు కింద వంకర షాఫ్టులు తీయడం ప్రతిరోజూ జరిగే పనే. రెండు వీ-బ్లాకుల మీద షాఫ్టును పెట్టి, డయల్ కింద తిప్పి, ఎక్కువ ఎత్తు ఉన్నచోట సుద్దతో గుర్తు పెట్టుకుంటాము. ప్రెస్సు రామ్‌ను అక్కడ ఆనించి, కావలసిన దానికంటే కాస్త ఎక్కువగా నొక్కి వదలాలి, ఎందుకంటే లోహం కొంత వెనక్కు లాగుకుంటుంది. నొక్కడం, తిప్పడం, చూడడం, మళ్ళీ నొక్కడం, అంతే. ఓపిక ఉన్న చేయి పడితే పదో వంతు మిల్లీమీటరు లోపుకు తేవచ్చు. వేడి చేసి తీస్తామనేవారి దగ్గరకు మాత్రం స్టెయిన్‌లెస్ షాఫ్టును తీసుకువెళ్ళకండి.

నిజాంపట్నం డీజిల్

ఆటోనగర్ అన్నగారి పనితనం మీద నాకు అనుమానం లేదు. ఇక్కడ హార్బరులో కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో మరబోట్ల షాఫ్టులు బయటికి తీసి చూడడం ఆనవాయితీ, వాటిలో కొన్నిటిని సరిచేయించి తిరిగి వేస్తాము కూడా. అయితే అవి లావు షాఫ్టులు. లావు షాఫ్టు ధర ఎక్కువ కనుక సరిచేయించడంలో అర్థం ఉంది. వీరిది అంగుళం షాఫ్టు, ఒకటిన్నర మీటరు. బరువు చూస్తే ఆరు కిలోలు. ఆరు కిలోల లోహాన్ని కాపాడుకోవడానికి పడవను ఒకసారి ఎత్తించి, అది మళ్ళీ వణికితే రెండోసారి ఎత్తించడం లెక్కకు సరిపోయే పని కాదు.

రెండో సంగతి, ఆ పడవ గోవా నుంచి వచ్చిందన్నారు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని పైన క్రోమియం వల్ల ఏర్పడే పలుచని ఆక్సైడు పొర. ఆ పొర నిలవాలంటే ఆక్సిజన్ అందాలి. పడవ కదలకుండా పడి ఉన్నప్పుడు గ్లాండ్ ప్యాకింగ్ (నీటిని ఆపే అల్లిక తాడు) కిందా, బేరింగ్ రబ్బరు కిందా నిలిచిపోయిన ఉప్పునీటిలో ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ పొర తెగిందంటే మళ్ళీ కట్టుకోదు. బయట అద్దంలా మెరుస్తున్న షాఫ్టు ఆ రెండుచోట్ల పుచ్చిపోయి ఉండడం నేను చూస్తూనే ఉంటాను. కనుక షాఫ్టు బయటికి వచ్చిన తరువాత వంకర కంటే ముందు ఆ రెండు చోట్లు చూడండి.

బ్రాడీపేట సందేహి (గుంటూరు)

ఇంత గొడవ ఎందుకు? ఆ షాఫ్టు రంధ్రం మూసేసి, వెనక ఔట్‌బోర్డు ఇంజను తగిలించుకుంటే పోదా?

నిజాంపట్నం డీజిల్

కృష్ణలో పోతుంది. మచిలీపట్నం బయట పోదు. అలల మీద పడవ ముక్కు కిందికి దిగినప్పుడల్లా వెనక తగిలించిన ప్రొపెల్లర్ గాలిలోకి లేస్తుంది. పడవ అడుగున ఉన్న ప్రొపెల్లర్ నీటిలోనే ఉంటుంది. పైగా ఉన్న డీజిల్ ఇంజను బాగుంది కదా!

కృష్ణలంక పడవవాడు

మాస్టారు చెప్పినట్టే కొలిచాను. ఎక్కువ సందు షాఫ్టుతో పాటే తిరుగుతోంది. గేరుబాక్సు వైపు డయల్ ముల్లు దాదాపు కదలలేదు, ఆ మేరకు ఊపిరి పీల్చుకున్నాను. ఇంజను ఎడమవైపు వెనక మౌంటు రబ్బరు మాత్రం లోహం నుంచి విడిపోయి ఉంది. డీజిల్ కారి మెత్తబడినట్టుంది, వల తగిలిన దెబ్బకు పూర్తిగా ఊడింది. ఇక పడవను ఎత్తక తప్పదు. విజయవాడలో పడవలను ఎత్తే యార్డు లేదు కనుక ఎలా చేయాలో తెలిసినవారు చెప్పండి.

ఫెర్రీ రేవు (ఇబ్రహీంపట్నం)

హైడ్రా (చక్రాల మీద నడిచే క్రేను) మాట్లాడుకోండి. మీ పడవ బరువు కీల్‌తో (అడుగున ఉండే బరువు దిమ్మతో) కలిపి మూడు టన్నుల లోపే ఉండవచ్చు. అయితే పన్నెండు టన్నుల హైడ్రా అని ధైర్యపడకండి. ఆ పన్నెండు టన్నులు బూమ్ దగ్గరగా ఉన్నప్పటి మాట. ఒడ్డు నుంచి నీటిమీదికి బూమ్ చాపితే ఎత్తగలిగే బరువు ఎన్నో రెట్లు పడిపోతుంది. డ్రైవరు దగ్గర ఉండే లోడు పట్టిక అడిగి చూడండి. కింద నేల గట్టిగా ఉన్న రేవు ఎంచుకోండి. మెత్తటి ఒండ్రు మీద హైడ్రా చక్రం దిగిందంటే పడవ గాలిలో ఉండగానే వాలుతుంది.

బెల్టులు రెండూ వెడల్పాటి నైలాన్‌వి కావాలి. వెనక బెల్టు ఎట్టి పరిస్థితిలోనూ షాఫ్టు మీద, దాన్ని పట్టి ఉన్న బ్రాకెట్ మీద పడకూడదు. తెరచాప కొయ్య వెనక్కు లాగే తీగను ముందే వదులు చేసుకోవాలి, లేకపోతే హైడ్రా బూమ్‌కు తగులుతుంది.

వరద సంగతి మీరు సరిగానే ఆలోచించారు. 2024 సెప్టెంబరు మొదట్లో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల దగ్గర చిక్కుకుని, కౌంటర్ వెయిట్లను పగలగొట్టిన సంగతి అందరికీ గుర్తే. ఇంజను పనిచేయని పడవ ఆ రోజుల్లో నీటిలో ఉండకూడదు. పని ఆలస్యమైతే ఒడ్డు మీదే, కరకట్టకు ఊరివైపున ఉంచండి.

కొలతల మాస్టారు

షాఫ్టు బయటికి తీసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఒకటి, కప్లింగ్ బిగుసుకుపోయి ఉంటుంది, సుత్తితో కొట్టవద్దు. కొట్టిన దెబ్బ నేరుగా గేరుబాక్సు బేరింగులకు పోతుంది. సెట్ స్క్రూలు తీసేసి, షాఫ్టు కొనకూ గేరుబాక్సు కప్లింగ్‌కూ మధ్య షాఫ్టు కంటే సన్నని ఒక సాకెట్ ముక్క పెట్టి, రెండు కప్లింగులనూ పొడవాటి బోల్టులతో సమానంగా బిగిస్తూ వెళితే, సాకెట్ షాఫ్టును వెనక్కు నెడుతుంది, కప్లింగ్ ఊడి వస్తుంది. బోల్టులు ఒక్కొక్కటీ పావు చుట్టు చొప్పున బిగించాలి.

రెండోది ప్రొపెల్లర్. దాన్ని పుల్లరుతోనే తీయాలి. నట్టును పూర్తిగా తీయకుండా నాలుగు చుట్లు వదులు చేసి అక్కడే ఉంచండి. టేపర్ (సన్నబడుతూ పోయే షాఫ్టు కొస) మీద నుంచి విడివడే క్షణంలో ప్రొపెల్లర్ తుపాకీ గుండులా వెనక్కు వస్తుంది, నట్టు ఉంటే ఆగుతుంది. షాఫ్టు వెనక్కు రావడానికి చుక్కాని అడ్డం పడితే చుక్కానిని ముందే దించుకోవలసి ఉంటుంది. తెరచాప పడవల్లో చాలావాటికి ఈ ఇబ్బంది ఉంటుంది.

కృష్ణలంక పడవవాడు

చుక్కాని దించవలసే వచ్చింది. అదే ఎక్కువ సమయం తీసుకుంది. షాఫ్టు ఇప్పుడు ఆటోనగర్‌లో వీ-బ్లాకుల మీద ఉంది. ప్రొపెల్లర్ వైపు డయల్ 1.4 మిల్లీమీటర్లు చూపించింది. బేరింగ్ ఉండే చోట షాఫ్టు చుట్టూ గాడి పడి ఉంది. గ్లాండ్ కింద, నిజాంపట్నం వారు చెప్పినట్టే, గుండుసూది తలంత గుంటలు వరుసగా కనబడుతున్నాయి. వేలితో రాస్తే తెలుస్తున్నాయి. 1.4 అంటే సరిచేయదగినంతేనని ఇక్కడివారు అంటున్నారు.

కొలతల మాస్టారు

డయల్ చూపే అంకె అసలు వంకరకు రెట్టింపు ఉంటుంది. ముల్లు 1.4 ఊగితే షాఫ్టు మధ్యరేఖ నుంచి పక్కకు జరిగింది 0.7 మిల్లీమీటరే. ఆ మాటకు వస్తే ఆటోనగర్ వారన్నట్టు తీయదగిన వంకరే అది. అయితే ప్రెస్సు కింద పెట్టేముందు ఒక పరీక్ష చేయించండి. వెల్డింగు షాపులకు సామాను అమ్మేచోట డై పెనెట్రెంట్ డబ్బాలు దొరుకుతాయి. ఎర్ర ద్రవం చల్లి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్ల డెవలపర్ చల్లాలి. పగులు ఉంటే దానిలోకి దిగిన ఎర్రరంగు తెల్లపూత మీదికి తేలుతుంది. ముఖ్యంగా చూడవలసింది టేపర్ మొదలయ్యే చోటు, కీవే (ప్రొపెల్లర్ జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) ముందు కొస. ఇంజను ఒక్కసారిగా ఆగినప్పుడు మెలితిప్పే బలమంతా అక్కడికే పోతుంది.

ఆటోనగర్ లేత్

ఆ షాఫ్టు మా పక్క షెడ్డులోనే ఉందని తెలిసి వెళ్ళి చూశాను, పరీక్ష నా ఎదుటే చేశారు. కీవే ముందు కొస చచ్చౌకంగా, పదునైన మూలతో కోసి ఉంది. ఆ మూల నుంచి ఏటవాలుగా వేలిగోరంత పొడవున ఎర్రగీత తేలింది. నా మాట నేనే వెనక్కు తీసుకుంటున్నానని అనుకోవద్దు, వంకర తీయవచ్చన్నాను, పగులు తీయవచ్చని అనలేదు. ఇక కొత్తదే. పగులు మీద వెల్డింగు పోసి మళ్ళీ టర్నింగ్ చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వెల్డింగు వేడికి పక్కనున్న లోహంలో క్రోమియం కార్బన్‌తో కలిసి గింజల అంచులకు పోతుంది, ఆ అంచుల వెంట తుప్పు దిగుతుంది, షాఫ్టు ఏదో ఒకరోజు అక్కడే విరుగుతుంది. షాఫ్టు విరిగితే ప్రొపెల్లర్ పోవడం ఒక్కటే కాదు. ఆ ముక్క స్టెర్న్ ట్యూబులోంచి (షాఫ్టు బయటికి పోయే గొట్టంలోంచి) జారిపోయిందంటే అంగుళం రంధ్రం గుండా నీరు లోపలికి వస్తుంది.

కొత్తది చేసేటప్పుడు కీవే ముందు కొసను చచ్చౌకంగా ఆపకుండా, కట్టర్‌ను మెల్లగా పైకి లేపుతూ వాలుగా ముగించాలి. గాడి అడుగు మూలలు కూడా కాస్త గుండ్రంగా ఉండాలి.

కృష్ణలంక పడవవాడు

సరే, కొత్తదే. ఏ లోహం? ఇక్కడి దుకాణంలో 25 మిల్లీమీటర్ల ఎస్‌ఎస్ 304 బారు సిద్ధంగా ఉంది. 316 కావాలంటే తెప్పిస్తామన్నారు. ఈఎన్-8 (మామూలు కార్బన్ ఉక్కు) అయితే సగం ధరకే వస్తుందని ఇంకొకరు చెప్పారు.

నిజాంపట్నం డీజిల్

ఈఎన్-8 బోరుపంపులకూ వ్యవసాయ యంత్రాలకూ మంచిదే, నీటిలో మునిగి ఉండే షాఫ్టుకు కాదు. కృష్ణ మంచినీటిలో 304 నడుస్తుంది. సముద్రానికి పోతానన్నారు కనుక 316 వేయండి. దానిలో ఉండే రెండు మూడు శాతం మాలిబ్డినం ఆ గుంటలు పడడాన్ని ఆలస్యం చేస్తుంది, పూర్తిగా ఆపదు. అంతకు మించినవి ఉన్నాయి, డూప్లెక్స్ 2205, నైట్రోనిక్ 50. దొరికితే మంచిదే గాని, ఆరు కిలోల ముక్క కోసం ఎవరు తెప్పిస్తారు?

అసలు ప్రమాదం వేరే ఉంది. 304 పేరుతో 202 అమ్మేవారు ఉంటారు. అయస్కాంతం అంటుకోలేదు కనుక అసలుదే అనుకుంటారు, 202కీ అంటుకోదు. దానిలో నికెల్‌కు బదులు మాంగనీసు పోస్తారు. 316 అని కొంటే మిల్లు టెస్టు సర్టిఫికెట్ అడగండి, దాని మీది హీట్ నంబరు (ఆ లోహాన్ని కరిగించిన విడత నంబరు), బారు కొనమీద గుద్దిన నంబరు ఒకటేనా చూడండి. లేదా మాలిబ్డినం పట్టే చుక్కల మందు వేయించండి, రంగు మారితే 316.

కొలతల మాస్టారు

బలం గురించి ఎవరూ భయపడనక్కరలేదు. 13 హార్స్‌పవర్ అంటే దాదాపు పది కిలోవాట్లు. గేరుబాక్సు వేగాన్ని సగానికి తగ్గిస్తుందనుకుని షాఫ్టు 1,500 ఆర్‌పీఎంతో తిరుగుతుందని లెక్కవేస్తే మెలితిప్పే బలం 62 న్యూటన్ మీటర్ల చుట్టూ వస్తుంది. అంగుళం షాఫ్టు ఉపరితలం మీద ఆ బలం కలిగించే ఒత్తిడి 20 మెగాపాస్కల్‌లకు లోపే. మెత్తని 316 కూడా మెలితిప్పులో దానికి అయిదారు రెట్లు తట్టుకుంటుంది. కనుక లోహాన్ని ఎంచవలసింది బలాన్ని బట్టి కాదు, తుప్పును బట్టి.

నన్ను కలవరపెట్టింది వారు వాడిన మరో మాట. మొదటి రోజు అంగుళం షాఫ్టు అన్నారు, ఇప్పుడు 25 మిల్లీమీటర్ల బారు అంటున్నారు. అంగుళం అంటే 25.4. దయచేసి పాత షాఫ్టును, అరుగుదల లేనిచోట, మైక్రోమీటరుతో కొలవండి. ఆ 0.4 మిల్లీమీటరు తేడాతో వేస్తే రబ్బరు బేరింగ్‌లో కొత్తరోజునే ఉండవలసిన దానికంటే ఎక్కువ ఆట ఉంటుంది, కప్లింగ్ వదులుగా ఊగుతుంది. 28 మిల్లీమీటర్ల బారు కొని లేత్ మీద 25.4కు దించుదామనుకోవడం కూడా మంచిది కాదు. ఒకటిన్నర మీటరు పొడవున సన్నని బారును లేత్ మీద కోస్తే మధ్యలో వంగి, పొడవునా ఒకే మందం రాదు. సెంటర్‌లెస్ గ్రైండింగ్ చేసిన 25.4 బారునే తెప్పించుకుని, రెండు కొసలు మాత్రం లేత్ మీద చేయించండి.

కృష్ణలంక పడవవాడు

మైక్రోమీటరు 25.38 చూపించింది. అంగుళమే. గ్రైండింగ్ చేసిన 316 బారును సర్టిఫికెట్‌తో సహా హైదరాబాదు నుంచి తెప్పిస్తున్నాను. మాస్టారికి ధన్యవాదాలు. లేకపోతే ఆ 25 మిల్లీమీటర్ల బారుకు అడ్వాన్సు ఇచ్చేసేవాణ్ణి.

ఆటోనగర్ లేత్

బారు వస్తే పని ఎలా జరగాలో ముందే రాస్తాను, ఎవరి దగ్గర చేయించినా దగ్గరుండి చూసుకోండి.

ప్రొపెల్లర్ కూర్చునే టేపర్ అన్ని పడవలకూ ఒకటి కాదు. అమెరికా పద్ధతిలో 16కు 1, యూరప్ మెట్రిక్ పద్ధతిలో 10కి 1. పాత షాఫ్టు టేపర్ మీద సరిగ్గా 50 మిల్లీమీటర్ల దూరంలో రెండుచోట్ల మందం కొలిస్తే, తేడా 5 వస్తే 10కి 1, 3.1 వస్తే 16కు 1. కాని నేను ఆ అంకెతో పని మొదలుపెట్టను. పాత షాఫ్టునే లేత్ మీద సెంటర్ల మధ్య బిగించి, కాంపౌండ్ స్లైడ్ (కోత పనిముట్టును ఏటవాలుగా నడిపే భాగం) మీద డయల్ పెట్టి, టేపర్ వెంట నడిపిస్తాను. ముల్లు ఈ కొస నుంచి ఆ కొసకు కదలకుండా వెళ్ళేదాకా స్లైడ్ కోణం సవరించి బిగిస్తాను. ఆ తరువాత స్లైడ్‌ను ముట్టుకోకుండా పాతది తీసి కొత్త బారు పెట్టి టేపర్ తీస్తాను. బారు పొడవు కనుక దాన్ని ఊగకుండా పట్టి ఉంచే స్టెడీ తప్పనిసరి. స్టెడీ వేళ్ళు ఆనే చోట గీత పడకుండా రాగి రేకు పెట్టాలి.

టేపర్ పూర్తయ్యాక కీ లేకుండా ప్రొపెల్లర్‌ను ఎక్కించి చూడాలి. టేపర్ మీద మార్కింగ్ బ్లూ పలుచగా రాసి ప్రొపెల్లర్ ఎక్కించి తీస్తే, లోపల నీలిరంగు ఎక్కడ అంటిందో తెలుస్తుంది. ముందు అంచున మాత్రమే అంటితే కోణం తప్పింది. పొడవునా మచ్చలు మచ్చలుగా అంటితే వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్టుతో రుద్ది కూర్చోబెట్టవచ్చు. ముప్పాతిక వంతు అంటేదాకా రుద్దాలి. అప్పుడు ప్రొపెల్లర్ ఎక్కడిదాకా వచ్చిందో షాఫ్టు మీద గీత పెట్టి, కీ వేసి మళ్ళీ ఎక్కించాలి. గీత దాకా రాకుండా ఆగిపోయిందంటే ప్రొపెల్లర్ టేపర్ మీద కాక కీ నెత్తిన కూర్చుందన్నమాట. కీ పైభాగాన్ని అరగదీయాలి.

కప్లింగ్ విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. కప్లింగ్‌ను షాఫ్టుకు బిగించిన తరువాత, షాఫ్టుతో సహా లేత్ మీద తిప్పి, దాని ముఖం మీద చివరి కోత వేయాలి. విడిగా చేసి బిగిస్తే ముఖం షాఫ్టుకు నిలువుగా ఉందన్న హామీ లేదు.

ఫెర్రీ రేవు

షాఫ్టు సరే, పాత ప్రొపెల్లర్ రెక్కలు చూశారా? కంచు ప్రొపెల్లర్ రెక్క అంచున గులాబీ రంగు మచ్చలు కనబడితే దానిలోని జింకు కరిగిపోయిందని అర్థం. అలాంటిదాన్ని కొత్త షాఫ్టుకు బిగించడం దండగ.

కృష్ణలంక పడవవాడు

చూశాను. రంగు బాగుంది. ఒక రెక్క కొస వంగి ఉంటే సరిచేయించి, తూకం కూడా సరిచూయించాను. బేరింగ్, గ్లాండ్ గురించి నిజాంపట్నం వారు చెప్పాలి.

నిజాంపట్నం డీజిల్

బ్రాకెట్‌లోని రబ్బరు బేరింగ్ తప్పక మార్చండి. పాత షాఫ్టుకు గాడి పడిందంటే రబ్బరులో ఇసుక ఇరుక్కుని ఉంది, అది కొత్త షాఫ్టును కూడా కోస్తుంది. అంగుళం షాఫ్టుకు పైకి కిందికి ఒకటిన్నర మిల్లీమీటరు ఆట వచ్చిందంటే బేరింగ్ ఆయుష్షు తీరినట్టే. పాతదాని ఇత్తడి గొట్టాన్ని లోపలి నుంచి హాక్సా బ్లేడుతో పొడవునా కోయాలి, బ్రాకెట్‌కు బ్లేడు తగలకుండా. కొత్తదాన్ని రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో ఉంచితే కాస్త కుంచించుకుని చేతితోనే లోపలికి పోతుంది. షాఫ్టు ఎక్కించేటప్పుడు రబ్బరుకు సబ్బునీరు రాయండి. గ్రీజు, నూనె రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. దానికి నీరే లూబ్రికేషన్. ప్రొపెల్లర్‌ను బేరింగ్‌కు మరీ ఆనించి బిగిస్తే ఆ నీరు పోవడానికి దారి ఉండదు. మరీ దూరమైతే షాఫ్టు కొన ఊగుతుంది. షాఫ్టు మందమంత సందు దాటకుండా చూసుకోండి.

గ్లాండ్‌లో పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటి కూడా మిగలకూడదు. కొత్త ప్యాకింగ్‌ను షాఫ్టు చుట్టూ చుట్టి, ఏటవాలుగా కోసి, విడివిడి రింగులుగా వేయాలి. ఒక రింగు అతుకు మీద మరొకటి పడకుండా మూడో వంతు చుట్టు చొప్పున జరపాలి. ఒకే తాడును పాములా చుట్టి కుక్కితే నీరు ఆ వరుస వెంటే దారి చేసుకుని వస్తుంది. బిగింపు సంగతి, షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి. ఒక్క చుక్క కూడా పడకుండా బిగించామని సంతోషపడేవారు ఆ ప్యాకింగ్ కింద షాఫ్టును కాల్చుకుంటున్నారు. చేయి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉండవచ్చు, వేడిగా ఉండకూడదు.

ఇంకొకటి. కృష్ణలో వలల బెడద తప్పదు కనుక ప్రొపెల్లర్ ముందు షాఫ్టుకు తాడు కోసే కట్టర్ బిగించుకోవడం మంచిది.

కృష్ణలంక పడవవాడు

షాఫ్టు, బేరింగ్, మౌంట్లు నాలుగూ కొత్తవి వేసి పడవను నీటిలో దించాము. అలైన్‌మెంట్ ఒడ్డు మీదే చేసేశామని మెకానిక్ అంటున్నారు. మళ్ళీ చేయాలా?

కొలతల మాస్టారు

మళ్ళీ చేయాలి. ఒడ్డు మీద దిమ్మెల పైన కూర్చున్న పడవ ఆకారం వేరు, నీటిలో తేలే పడవ ఆకారం వేరు. పైగా మీది తెరచాప పడవ. కొయ్యను పట్టి ఉంచే తీగలు బిగించగానే ముందు వెనక కొసలు పైకి లేచి అడుగు వంగుతుంది. అందుకని ముందు తీగలను మామూలు బిగువుకు తెచ్చి, ఒక రోజంతా పడవను నీటిలో వదిలి, ఆ తరువాతనే కప్లింగ్ బోల్టులు విప్పండి.

షాఫ్టు కొస కప్లింగ్ బరువుకు కిందికి వేలాడుతుంది, దాన్నే సరైన స్థానం అనుకుంటే ఇంజనును అనవసరంగా కిందికి దింపుతారు. గ్లాండ్ నుంచి ముందుకు ఉన్న షాఫ్టు బరువులో సగం, కప్లింగ్ బరువు మొత్తం కలిపి, అంత బరువును స్ప్రింగ్ త్రాసుతో పైకి లాగి పట్టినప్పుడు ఉండే ఎత్తే అసలు ఎత్తు. అక్కడ చెక్క ముక్క ఆనించి, ఇంజను మౌంట్ల నట్లను తిప్పుతూ రెండు ముఖాలనూ కలపండి. కప్లింగ్ వ్యాసం అంగుళానికి 0.025 మిల్లీమీటరు చొప్పున, నాలుగు అంగుళాల కప్లింగ్‌కు ఏ వైపునా 0.1 ఫీలర్ దూరకూడదు. ముందు పైకి కిందికి సరిచేయండి, తరువాత కుడి ఎడమలు. మౌంటు నట్లు బిగించిన తరువాత మరోసారి కొలవండి, బిగింపులో ఇంజను జరుగుతుంది.

కృష్ణలంక పడవవాడు

మాస్టారు చెప్పిందే నిజమైంది. ఒడ్డు మీద కలిసిన ముఖాల మధ్య నీటిలో కింది వైపు 0.35 ఫీలర్ దూరింది. సరిచేసి 0.08కు తెచ్చాము. నిన్న సాయంత్రం భవానీ ద్వీపం దాకా వెళ్ళి వచ్చాను. 2,600 ఆర్‌పీఎం దాకా వణుకు లేదు. గ్లాండ్ దగ్గర చుక్కలు మొదట ఎక్కువగా పడ్డాయి, నట్టు కొద్దిగా బిగించాక నిమిషానికి మూడు పడుతున్నాయి. షాఫ్టు తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగే ఆనోడ్ ఒకటి తగిలించడం మిగిలింది. పాత పడవతో వచ్చిన జింకు ఆనోడ్ కొత్తగానే ఉంది, అదే వేసేయనా?

నిజాంపట్నం డీజిల్

అది అరగకపోవడానికి కారణం మంచినీరు. కృష్ణలో జింకు మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. ప్రస్తుతానికి మెగ్నీషియంది వేయండి. మచిలీపట్నం తీసుకువెళ్ళే ముందు దాన్ని తీసేసి జింకుది బిగించండి, ఉప్పునీటిలో మెగ్నీషియం చూస్తుండగానే కరిగిపోతుంది. ఏది వేసినా షాఫ్టు మీద మెరిసేలా రుద్ది బిగించాలి, కింద రంగు గాని గ్రీజు గాని ఉండకూడదు.